బిగువు తక్కువ తీగలు

"ఇవి గిటారు తీగలా, బట్టలారేసుకునే తాళ్లా?" కొట్లో వేలాడదీసిన బేస్ గిటారు తీగ నొక్కి చూసి భర్త విసుక్కున్నాడు.

భార్య పాపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "ఏమండీ, మీ వేలు చూసుకున్నారా? వంకాయలా వాచింది. పాత తీగల బిగువుకి ఇవాళ మూడో పాటకే చేతులెత్తేస్తారు."

"తీగ మారితే సౌండు మారుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇక రావద్దన్నాడు మేస్టారు. ఆయన చెవి సంగతి తెలీదా నీకు?"

తెలియకేం. పాటల ట్రూపు నడిపే ఆ పెద్దాయన్ని అందరూ చెవుల మేస్టారనే పిలుస్తారు. సూది కింద పడితే అది ఎన్నో నంబరు సూదో చెప్పగలడని పేరు.

కొట్టతను కల్పించుకున్నాడు. "నున్నటి తీగలైతే వేలికి హాయి. కానీ సౌండు మొద్దుబారుతుంది, దొరికిపోతారు. మీ పాతవి రౌండ్‌వౌండ్, పైన గుండ్రటి సన్న తీగ చుట్టినవి. అవే, బిగువు తక్కువలో తీసుకోండి. సౌండు దాదాపు అదే."

"దాదాపు అంటే?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"దాదాపు అంటే దాదాపేనండీ."

"ఆ దాదాపే నా కొంప ముంచుతుంది," అన్నాడు భర్త.

"వేలే పోయాక కొంపెక్కడిది? ఇవే ఇవ్వండి," అంది భార్య. పాప ఏడుపు లంకించుకుంది. భర్త జేబులోంచి డబ్బు తీశాడు.

మధ్యాహ్నం ప్రోగ్రాం. ఆమె హాలు చివర పాపను జోకొడుతూ నిలబడింది. పక్కనే సౌండు మిషను దగ్గర మేస్టారు కళ్లు మూసుకుని వింటున్నాడు. స్టేజి మీద భర్త ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తున్నాడు. వేళ్లు తేలిగ్గా కదులుతున్నాయి. ఆమె మాత్రం అటు చూడలేదు. మేస్టారి కనుబొమలనే చూస్తోంది. అవి పైకి లేచినప్పుడల్లా ఆమె పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

ఆఖరి పాట అవగానే మేస్టారు సరాసరి స్టేజి ఎక్కాడు. ఆమె పాపతో వెనకే పరిగెత్తింది. మేస్టారి చూపు మిలమిలలాడే కొత్త తీగల మీద పడింది.

"మార్చావు కదూ? మొదటి పాటకే నాకు తెలిసిపోయింది. ప్రతి దెబ్బా జావ జారినట్టు జారింది. నా చెవికే చెవిలో పువ్వు పెడదామనుకున్నావా? రేపట్నుంచి రాకు."

"చెప్పానా? విన్నావా?" భర్త భార్య వైపు తిరిగి పళ్లు కొరికాడు.

"తప్పు నాదండీ మేస్టారూ! ఆయన వద్దన్నా నేనే కొనిపించాను. పాతవి ఇంట్లోనే ఉన్నాయి. మళ్లీ అవే బిగిస్తారు. ఈ ఒక్కసారికీ..."

"నీకు చెవులుంటే నీకూ తెలిసేదమ్మా!"

పక్కనే వైర్లు చుడుతున్న సౌండతను ఇక ఉండబట్టలేక చేతిలోది కింద పడేశాడు.

"మేస్టారూ, చెబితే నన్నూ తీసేస్తారని దాచాను. ఆ గిటారు నుంచి హాలు స్పీకర్లకి వెళ్లే లైను కాలిపోయి నాలుగు నెలలైంది. అన్న వాయించేది అన్న చెవిలోకే తప్ప హాల్లోకి రావడం లేదు."