ఒక్క రాత్రి వేషం

"ఈ రాత్రికి రాణి వేషం నీది కాదు మాల్యాద్రీ" అన్నాడు నాటకాల కాంట్రాక్టరు సిద్ధయ్య.

మాల్యాద్రి ముఖానికి సగమే రంగు వేసుకున్నాడు. సవరం చేతిలోనే ఉండిపోయింది.

"మరెవరిది?"

సిద్ధయ్య గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ ట్రంకుపెట్టె మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. పేరంటానికి వచ్చినట్టు ఒద్దికగా ఉంది.

"జలదంకి ఊరామె. ఒక్క రాత్రి వేస్తానని అడిగింది. ఆడవేషం ఆడమనిషే వేస్తాదని టముకు వేయించినా. ఉదయగిరంతా ఎగబడి వస్తాది చూడు."

"నేను?"

"చెలికత్తెవి. మాటలు తక్కువ, వింజామర ఊపేది ఎక్కువ. నీకూ సుఖమే గదా!"

రంగులు పూసుకుంటున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆత్మకూరు మొదలు సీతారామపురం దాకా రాణి అంటే మాల్యాద్రే. పగలు చొక్కా తొడుక్కుని తిరిగే మనిషెవరో అతనికే సరిగా తెలియదు. చీర కట్టాకే తనెవరో తనకు గుర్తొచ్చేది. ఆ చీర ఇవాళ ఇంకొకరి ఒంటిమీదికి పోతోంది.

ఒక్క రాత్రి అంటూ ఎక్కిన ఆడది రేపు దిగుతుందా? నెల్లూరులో అప్పుడే ఆడవేషాలన్నీ ఆడవాళ్ళవే అయిపోతున్నాయని విన్నాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆడవాళ్ళూ వచ్చారు, ఇక తనకు మిగిలేది వింజామరే.

పందిరి వెనక్కి పోయి హార్మోనియం వాయించే మస్తానయ్యను పట్టుకున్నాడు. భార్యకు అన్న అతను.

"బావా, రాణి పద్యానికి శ్రుతి పైకెత్తు."

"ఎంత?"

"గొంతు పగిలేంత."

"పెద్ద ప్రాణంరా, పాపం."

"పాపమంటే నాదీ, మీ చెల్లెలిదీ. మేం రేప్పొద్దున ఏం తినాల?"

మస్తానయ్య హార్మోనియం ఎత్తుకుని పందిట్లోకి నడిచాడు.

తెర లేచింది. రాణి వచ్చింది. పక్కన చెలికత్తె వింజామర ఊపుతోంది.

రాణి ఏడుస్తూ పాడే పద్యం ఎత్తుకుంది. మొదటి పాదం ఎలాగో ఎక్కింది. రెండో పాదంలో గొంతు నిలువునా చీలింది.

"ఏందబ్బా, ఎవరన్నా పిల్లిని తొక్కినారా?" అన్నారు ముందు వరసలో.

నవ్వులు. ఆ వెనకే ఈలలు.

"అవ్వని దించండి! మా రాణిని పంపండి!"

ఒక్క ఈల కూడా జారిపోకుండా మాల్యాద్రి చెవులప్పగించి నిలబడ్డాడు. కడుపులో చల్లగా ఉంది.

ఆమె హార్మోనియం వైపు చూసింది. తర్వాత చెలికత్తె వైపు తిరిగింది. ఆమెకు అర్థమైంది. అర్థమైన సంగతి మాల్యాద్రికీ అర్థమైంది.

ఆమె జనానికి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఈలలు ఆగకముందే మాల్యాద్రి రాణి చీర చుట్టుకుని వచ్చాడు. శ్రుతి దిగింది. అదే పద్యం. "వన్స్ మోర్" అని పందిరి ఊగింది. మళ్ళీ పాడాడు.

ఆమె తెర పక్కనే నిలబడి రెప్ప వాల్చకుండా చూస్తోంది.

'చూడు, బాగా చూసి కుళ్ళు' అనుకుని ఇంకా బాగా ఏడ్చాడు.

ఆట అయ్యాక ఆమె కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ కనిపించింది.

"ఏం పెద్దమ్మా, ఆశ తీరిందా?"

"తీరింది నాయనా. నువ్వు బాగా చేసినావు. ఇంక నేనెక్కాల్సిన పన్లేదు."

ఆ గొంతులో ఏడుపు లేదు. నిజంగానే సంతోషపడినట్టుంది. మొదటి బస్సుకే వెళ్ళిపోయింది.

మాల్యాద్రికి పగ సగమే తీరినట్టుంది. అతనికి కావలసింది ఆమె కన్నీళ్ళు. అవి రాలేదు. మిగతా సగం తీర్చుకోవడానికి తిన్నగా ఆత్మకూరు వెళ్ళాడు, గురువు కామయ్య దగ్గరికి.

ఈ పక్క ఊళ్ళలో ఆడవేషాన్ని ఒక విద్యగా నిలబెట్టింది కామయ్యే అని అందరూ చెప్పుకుంటారు. ఇప్పుడు మంచం దిగలేడు. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కుతున్నారంటే మంచంలోంచే తిడతాడు.

మాల్యాద్రి జరిగిందంతా నటించి మరీ చూపించాడు. పిల్లి మాట దగ్గర కామయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"శభాష్‌రా! ఎవరా మహాతల్లి?"

"జలదంకి రాఘవమ్మంట."

కామయ్య నవ్వు ఆగిపోయింది.

"ఎడమ చెంప మీద మచ్చ ఉండాదా?"

"ఉండాది. రంగు తుడుచుకుంటుంటే చూసినా. కాలినట్టుండాది."

"కాలింది కాదురా. రాయి తగిలింది."

మాల్యాద్రి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"మేము వయసులో ఉన్నప్పుడు, ఆ ఉదయగిరిలోనే, ఈ పక్క మొట్టమొదట స్టేజీ ఎక్కిన ఆడమనిషి ఆమె. పద్యం ముగించనీలేదు మేము."

"రాయి ఎవరేసినారు?"

కామయ్య కుడిచెయ్యి మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"మరి ఆమె ఊరుకునిందా?"

"ఊరుకోలేదు. పగబట్టింది."

"ఎవరిమీద?"

కామయ్య దూలం వైపు చూశాడు.

"'నన్ను ఎక్కనియ్యరు గదా, ఎక్కే ప్రతి మగోడి ఒంట్లో నేనే ఎక్కుతా' అని చెప్పి, రాయేసిన నన్నే ఇంటికి పిలిచి, చీర కట్టి, నడకా చూపూ ఏడుపూ నేర్పిన గురువురా ఆమె."