ఎర్రగుడ్డ తెరచాప

ఆ రోజు మా నాన్న తన తెరచాపను ఎవరి కోసం ఇచ్చేశాడు? నలభై దాటినా నన్ను వదలని ప్రశ్న ఇది.

నాన్న చీకటితోనే తెప్ప వేసుకుని వేటకు పోయేవాడు. అమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టేది. నేను నాన్న కోసం ఏడుస్తుంటే చూడలేక, అమ్మ తన ఎర్రచీర ముక్క ఒకటి ఆయన తెరచాపకు కుట్టింది. ఆ ఎరుపు కనబడితే చాలు, ఊరుకునేదాన్ని.

అరవై ఒకటిలో ఒకనాడు గాలి లేచింది. రెండు తెప్పలు తప్ప అన్నీ ఒడ్డు చేరాయి. అమ్మ నన్ను చంకనేసుకుని నీళ్ళలో నిలబడింది.

"నీ కండ్లు మంచియి మే, చూడు. ఎర్రగుడ్డ అగపడతందా?"

పొద్దువాలే వేళకు కనబడింది. "నాన్నా!" అని అరిచాను.

తెప్ప మీద అమ్మ తమ్ముడు చెంగయ్య మామ ఒక్కడే ఉన్నాడు. చెయ్యి విరిగి వేలాడుతోంది.

"నా సాప చినిగిపాయక్కా. ఈ చేత్తో తెడ్డెయ్యలేనని బావ తన సాప నా తెప్పకు కట్టినాడు. ఎనకాలే తెడ్డేసుకోని వస్తానన్న్యాడు."

"ఎనకాల ఏడున్నాడ్రా? ఏడీ?" అమ్మ అతణ్ణి పట్టి కుదిపేసింది.

నాన్న రాలేదు.

నా ఏడుపు ఆగకపోతే మామ నా ముందు కూలబడ్డాడు. "మీ నాయనే చెప్పినాడు మే. గుడ్డ అగపడకుంటే పాప ఏడస్తాది, బిన్నా తీసకపోరా, జాగు సెయ్యొద్దు అన్న్యాడు."

నాన్న నిజంగా ఆ మాట అన్నాడా? అన్నాడంటే, నా ఏడుపు కోసమే తెరచాప ఇచ్చేశాడు. మామ కల్పించాడంటే, ఆఖరి ఘడియలో నేను నాన్నకు గుర్తే రాలేదు. ఈ రెంటిలో ఏది నిజం కావాలని కోరుకోవాలో నాకింకా తెలియదు.