పద్నాలుగో తేదీ డాక్టరమ్మ

“ఇంకోసారి చదవండి సిస్టర్. ఒళ్ళు మండిపోతోంది నాకు,” అన్నాడు మేనేజరు.

పెద్ద నర్సు కళ్ళజోడు సవరించుకుని చదివింది. “అయ్యా, ఈ కాన్పుల ఆసుపత్రిలో రెండేళ్ళుగా డాక్టరు లేరు. నమ్మకపోతే పద్నాలుగో తేదీ పొద్దున వచ్చి చూడండి. ఇట్లు, ఆకాశరామన్న.”

“ఈ ఏడాది ఇది మూడోది! ఆ కోడి కెలికిన రాత చూస్తేనే నాకు బీపీ పెరుగుతుంది. స్టాఫందరి చేతా తలా నాలుగు లైన్లు రాయించి పోల్చాను. ఒక్కటీ కలిస్తే ఒట్టు. మీవైతే అచ్చం ముత్యాలే అనుకోండి.”

“ఎవరో పనిలేనివాడు సార్.”

“పైవాళ్ళకి మాత్రం పనుందా? వాడు ఏ తేదీకి రమ్మంటే ఆ తేదీకి తయారు!”

హెడ్డాఫీసులో ఒక పుణ్యాత్ముడు ఉత్తరం నకలు వారం ముందే పంపబట్టి మేనేజరు పరువు దక్కుతోంది. ఇవాళే పద్నాలుగు. తెల్లారేసరికి పెద్దాసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ, ఒక మత్తు డాక్టరు ఒక్కరోజు అరువు మీద దిగారు. వాళ్ళ వెంట ఆక్సిజన్ సిలిండర్లు, రెండు రక్తం సంచులు వచ్చాయి. ఫ్రిజ్‌లోంచి మేనేజరు టిఫిన్ డబ్బా తప్పుకుని రక్తానికి చోటిచ్చింది. ఆపరేషన్ గది తాళానికి తుప్పు వదిలించారు. డాక్టరమ్మ పేరుతో తగిలించిన బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. సాయంత్రం ఐదింటికల్లా అన్నీ తిరిగి పంపాలని పెద్దాసుపత్రివాళ్ళు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు కూడా.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అత్త చెయ్యి పట్టుకుని ఒక నిండు చూలాలు మెల్లగా దిగింది.

“ఇవాళే దొరికిందా వీళ్ళకి? కొత్త దుప్పట్లు నలిగిపోతాయి! పెద్దాసుపత్రికి పొమ్మనండి,” అన్నాడు మేనేజరు.

“నర్సమ్మగారే ఇవాళ రమ్మన్నారు బాబూ,” అంది అత్త. “బిడ్డ అడ్డంగా ఉందంట. కోసి తియ్యాలంట.”

మేనేజరు నర్సు వైపు గుర్రుగా చూశాడు.

“నెలలు లెక్కేసి ఎప్పుడో చెప్పాను సార్. ఇవాళ తనిఖీ పడుతుందని కలగన్నానా? అయినా డాక్టరమ్మ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే ఆ అధికారికి అనుమానం రాదూ? లోపల ఆపరేషన్ జరుగుతుంటే ఆ దర్జాయే వేరు.”

మేనేజరు మొహం వెలిగింది. “కానివ్వండి. ఐదులోపు అయిపోవాలి సుమా!”

పెద్దాసుపత్రి రెండు గంటల దూరం. రెండేళ్ళ కిందట ఇలాగే పొమ్మంటే, ఒక తల్లి దారిలో ఆటోలోనే ప్రాణం విడిచింది. ఆమె తల అప్పుడు పెద్ద నర్సు ఒళ్ళో ఉంది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు. అందుకే ఇవాళ స్ట్రెచరు తొయ్యడానికి ఎవర్నీ పిలవకుండా తనే తోసుకుపోయింది.

పదకొండింటికి తనిఖీ అధికారి నలభై ప్రశ్నల ఫారంతో వచ్చాడు. చెత్తబుట్టల రంగులు సరిచూశాడు. గోడ గడియారాన్ని తన వాచీతో పోల్చి తృప్తిపడ్డాడు. మంచాల మీద ఉన్నవాళ్ళని మాత్రం ఏమీ అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

ఆపరేషన్ గది ముందు అత్త గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. లోపల్నుంచి డాక్టరమ్మ అరిచింది.

“రెండో సంచి తెండి! తొందరగా!”

పెద్ద నర్సు ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. మళ్ళీ తలుపు మూసుకుంది. అత్త చేతులు జోడించింది. ఉన్నట్టుండి పసిబిడ్డ కెవ్వుమంది. అత్త భోరుమంది.

అధికారి టిక్కులు పెట్టాడు. “డాక్టరున్నారు. రక్తముంది. బిడ్డా పుట్టింది. ఎవడయ్యా ఆ అబద్ధాలకోరు?”

“అదే సార్ మా ఖర్మ,” అన్నాడు మేనేజరు.

‘ఫిర్యాదు నిరాధారం’ అని రాసి అధికారి కారెక్కాడు.

ఐదింటికి వ్యాను వచ్చింది. సిలిండర్లెక్కాయి, మత్తు డాక్టరెక్కాడు. వెయ్యాల్సిన మందులన్నీ రాసిచ్చి డాక్టరమ్మ నర్సు భుజం తట్టింది. “పెద్దాసుపత్రికి పంపి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు సిస్టర్,” అంది.

బోర్డు ఊడొచ్చింది. టిఫిన్ డబ్బా తిరిగి ఫ్రిజ్‌లోకి చేరింది.

“గండం గడిచింది,” అన్నాడు మేనేజరు బ్యాగు సర్దుకుంటూ. “ఆ ఆకాశరామన్న దొరకనీ, చెయ్యి విరగ్గొడతాను!”

“విరగ్గొట్టాల్సిందే సార్.”

ఆయన వెళ్ళాక పెద్ద నర్సు తల్లినీ బిడ్డనీ ఒకసారి చూసుకుని వచ్చి, కాన్పుల రిజిస్టరు తెరిచింది. వచ్చే నెల కాన్పుల్లో కవలలు కడుపులో ఉన్నామె ఒకతె ఉంది. ఎనిమిదో తేదీ చుట్టూ ఎర్ర సిరా. సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్ల మీద పరిచింది.

పెన్ను ఎడమచేతికి మార్చుకుంది.