పగిలిన బొమ్మ

మట్టినీ ఇనుమునూ కలిపి హేమావతి చేసిన బొమ్మ ఢిల్లీ ప్రదర్శనకు వెళ్లిందని పేపర్లో చదివినప్పటి నుంచి మార్కండేయకు అన్నం సయించడం లేదు. కాలేజీలో ఇద్దరూ కలిసే శిల్పం నేర్చుకున్నారు. అతనిప్పుడు మడకశిరలో డ్రాయింగ్ మాస్టరు.

ఒక ఆదివారం సోమందేపల్లెలోని ఆమె షెడ్డుకు వెళ్లాడు. పాత బోరు పైపులకు మట్టి పట్టించి చేసిన కొత్త బొమ్మ బట్టీలో కాలి, చల్లారుతోంది.

“రేపటిదాకా తలుపు తీయకూడదప్పా. చల్లగాలి తగిల్తే పగుల్తాది. కూచో, టీ పెట్టుకొస్తా,” అని ఆమె లోపలికి వెళ్లింది.

మార్కండేయ చేతికి గోనెగుడ్డ చుట్టుకొని బట్టీ తలుపు లాగేశాడు. టప్పుమని బొమ్మ పగిలిన చప్పుడుకు అతని కడుపుమంట చల్లారింది.

తిరిగి చూస్తే గుమ్మంలో హేమావతి, చేతుల్లో గ్లాసులతో.

ఆమె అరవలేదు.

“చివరేడు పరీక్షలో నీ బొమ్మ పగిలిందే, నీకు పనితనం లేదని సార్లంతా అనిరే... ఆ పొద్దు నీ బట్టీ తలుపు తీసింది నేనే మార్కండేయా. నాదానికన్నా నీదే బాగుండె. ఓర్చుకోలేకపోయినా.”

మార్కండేయ చేతికి చుట్టుకున్న గోనెగుడ్డ విప్పి పక్కన పెట్టాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

“మట్టి యాడ పెట్టినావు?” అని అడిగాడు.