మొహానికి జానెడు దూరం

“ఆ మొహం మీద కూడా అంటించవయ్యా!” అని అరిచాడు చిత్రకారుడు.

నిచ్చెన మీదున్న పోస్టర్లవాడు బ్రష్ ఆపాడు. ఆర్ట్ గ్యాలరీ గోడకు, అధికారంలో ఉన్న నాయకుడి నిలువెత్తు కాగితపు బొమ్మ ఉంది. దాని మీద పాత సినిమా పోస్టర్లు వరసగా అంటించుకుంటూ వచ్చాడు గానీ, మొహం చుట్టూ మాత్రం జానెడు చోటు వదిలేశాడు.

“అలవాటు సార్. వీధిలో ఆయన మొహం మీద అంటిస్తే చెయ్యి విరగ్గొడతారు.”

“ఇది వీధి కాదు, కళ! సినిమా వేషమే గద్దెనెక్కి కూర్చుందని లోకానికి చెబుతున్నా నేను. నీలాంటి పిరికివాళ్ళ వల్లే దేశం ఇలా తగలడింది.”

పోస్టర్లవాడు జిగురు దట్టంగా పూసి, కత్తి పట్టిన హీరోను సరిగ్గా నాయకుడి మొహం మీద అంటించి కిందికి దిగాడు.

అంతలో చిత్రకారుడి ఫోన్ మోగింది.

“ప్రదర్శన ప్రారంభానికి నాయకుడుగారే స్వయంగా వస్తారా? అయ్యో, ఎంత మాట! మహాభాగ్యమండీ!” ఎదురుగా ఎవరూ లేకపోయినా అతని నడుం దానంతటదే వంగింది.

ఫోన్ జేబులో పడిందో లేదో, తనే నిచ్చెనెక్కి తడి పోస్టరును గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు.

“గీకకండి సార్, కింద ఆయన మొహం చిరుగుతుంది.” పోస్టర్లవాడు తడిగుడ్డ అందించాడు.

చిత్రకారుడు నాయకుడి బుగ్గలనూ మీసాలనూ పసిబిడ్డకు తుడిచినంత మెత్తగా తుడిచాడు.

నిచ్చెన కదలకుండా పట్టుకుని పోస్టర్లవాడు అన్నాడు:

“నేనంటే చెయ్యి విరగ్గొడతారని భయపడ్డాను సార్. మిమ్మల్నింకా ఎవరూ ఏమీ అననే లేదు కదా!”