తప్పు చెప్పే పద్ధతి

కాలేజీ సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీకి హాజరైనవారు, కూర్చున్న వరసలో: అధ్యక్షస్థానంలో విశ్రాంత ఇంగ్లీషు లెక్చరర్ కొల్లి అంకమ్మరావు గారు, ఆయన కుడివైపు, మినిట్స్ రాయడానికి, కాలేజీ సూపరింటెండెంటు జోసఫ్, ఎడమవైపు కంప్యూటర్ లెక్చరర్ గుల్జార్ బేగం, అందరికన్నా చివర, గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చిన కోటేష్.

కోటేష్ వస్తూ తలుపు వేయలేదు. 2004 ఏప్రిల్, సత్తెనపల్లి రోడ్డంతా మిరపకాయల లారీలే. ఘాటు గదిలోకి కొట్టింది.

"తెరిచినవారే మూయాలి," అన్నారు అంకమ్మరావు గారు, తల ఎత్తకుండానే.

కోటేష్ తలుపు వేసి, తుమ్మి, క్షమించమన్నాడు.

"తుమ్మడం పూర్తయితే పనిలోకి వద్దాం. ఏమ్మా, అసలు ఈ 'సూత్రం' ఏమిటి?"

గుల్జార్ లేచి నిలబడింది. ఒకప్పుడు ఆయన ఇంటర్ క్లాసులో కూర్చున్న పిల్లే. ఆయనకు గుర్తులేదు. విద్యార్థులను గుర్తుంచుకోవడం ఆయన తన స్థాయికి తగిన పనిగా ఎన్నడూ భావించలేదు.

"నేను తయారుచేసిన చిన్న కంప్యూటర్ భాషండి. పిల్లలు ఆదేశాలు తెలుగులో రాస్తారు. అది వాటిని సీ భాషలోకి మారుస్తుంది. ఆ సీని మెషిన్ నడుపుతుంది. అందులో ప్రోగ్రాంలు రాసుకోవడానికీ, తప్పులు పట్టుకోవడానికీ ఒక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. ఈ రోజు మీరు ఒకటి ఖాయం చేస్తే జూన్ నుంచి ల్యాబ్‌లో పెడతామండి."

"అంటే, నరసరావుపేట వెళ్ళడానికి గుంటూరు చుట్టి రావడమన్నమాట. తిన్నగా సీ నేర్పితే ఏం?"

"నేర్పుతూనే ఉన్నామండి మాస్టారూ. దసరా సెలవులకు వెళ్ళిన తెలుగు మీడియం పిల్లల్లో సగం మంది మళ్ళీ రావడం లేదు."

"రానివాళ్ళు రాకపోవడమే కాలేజీకి మంచిది."

కోటేష్ మర్యాదకు నవ్వాడు.

"మీరెందుకు నవ్వుతున్నారు? మీ సరుకు చూపించండి."

కోటేష్ సరుకు తెర నిండా రంగులు, బొమ్మలు, మీటలు. జోసఫ్ చేత సూత్రంలో చిన్న ప్రోగ్రాం కొట్టించారు: మిరపకాయలో తేమ ఎక్కువైతే 'ఆరబెట్టు' అని, లేకపోతే 'బస్తాకెత్తు' అని చూపాలి. సూత్రంలో ప్రతి వాక్యం చివరా చుక్క ఉండాలి. పరీక్ష కోసం ఒక చుక్క కావాలనే వదిలేశారు.

తెర ఎర్రబడింది. రెండువందల పన్నెండో వరసలో ఏదో దోషముందని ఇంగ్లీషులో అంది.

"జోసఫ్ గారు కొట్టింది పది వరసలే కదా?"

"అది తయారైన సీ ఫైల్లో వరసండి. అంటే లోపల అది... దాన్ని మనం..."

"ఆ లోపలి ఫైలు ఆ పిల్లవాడు రాశాడా?"

"లేదండి."

"రాయని వరసలో తప్పు ఎలా దిద్దుకుంటాడు?"

కోటేష్ జేబురుమాలు తీశాడు.

"రంగులు బాగున్నాయి. తిరునాళ్ళలో కొట్టు పెట్టుకోండి. ఏమ్మా, మీ దగ్గర కూడా ఏదో ఉందన్నారు?"

గుల్జార్ పక్క కంప్యూటర్‌లో తను తయారుచేసినది తెరిచింది. రంగుల్లేవు, మీటల్లేవు. జోసఫ్ అదే ప్రోగ్రాం కొట్టి, అదే చుక్క వదిలేశాడు. తెల్లటి తెర మీద తెలుగులో పడింది:

"ఏడో వరస. మొదలుపెట్టే ఉత్సాహమే గాని ముగించే ఓపిక లేదు. చుక్క పెట్టు."

జోసఫ్ ఫక్కున నవ్వాడు. చుక్క పెట్టి, ఈసారి ఒక బ్రాకెట్టు మూయకుండా వదిలాడు.

"నాలుగో వరస. నువ్వు తెరిచిన బ్రాకెట్టు మూయడానికి మీ తాతగారు దిగిరావాలా?"

బ్రాకెట్టు మూసి, ముందుగా ప్రకటించకుండానే 'ధర' అనే పేరు వాడాడు.

"రెండో వరస. ఎవరీ ధర? పరిచయం చెయ్యకుండా పదిమందిలోకి తోలుకొచ్చావేం?"

"మేడం గారి నోరు గట్టిదేనండి!" అన్నాడు కోటేష్.

అంకమ్మరావు గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వరస సరిగ్గా చెబుతోంది. తప్పూ సరిగ్గా చెబుతోంది. కాని ఇదేం భాష? విద్యార్థితో మాట్లాడే పద్ధతేనా ఇది? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఏ ఒక్కరినీ పల్లెత్తు మాట అనలేదు."

గుల్జార్‌కు దగ్గు వచ్చింది. మిరప ఘాటు కాబోలు.

"ఈ వాక్యాలు మీరు రాశారా?"

"లేదండి. పోగుచేశానంతే. మొదట మెత్తగా రాసి చూశాను, పిల్లలు చదవకుండా దాటేశారు. ఇవైతే మనసులో ఉండిపోతాయండి. ఇప్పుడు కావాలని తప్పులు చేసి మరీ చదువుకుంటున్నారు."

"ఎవరివి మరి? ఏ లారీ క్లీనరువి?"

"కాదండి. చదువుకున్నవారివే."

"చదువుకున్నవాడా! అలాంటివాణ్ణి తరగతి గది గుమ్మం తొక్కనివ్వకూడదు. పేరు చెప్పండి."

"ఆ వాక్యాలు తీసేస్తాను మాస్టారూ. పేరు మాత్రం వద్దండి."

"ఎవరినమ్మా కాపాడుతున్నారు? పేరు చెప్పకపోతే కోటేష్ గారి సరుకే ఖాయం చేస్తాను."

కోటేష్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గుల్జార్ అతని తెర వైపు చూసింది. రెండువందల పన్నెండో వరస అక్కడ ఇంకా ఎర్రగానే ఉంది. "సరే, చెబుతానండి," అంది.

"జోసఫ్ గారూ, రాసుకోండి," అన్నారు అంకమ్మరావు గారు. "గుల్జార్ బేగం గారి సాఫ్ట్‌వేరును ఆమోదించడమైనది. అందులో తప్పు చెప్పే వాక్యాలు సంస్కారానికి దూరమైనవని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. వాటిని సృష్టించిన ఘనత ఎవరిదో, భావితరాలు తెలుసుకునేందుకు, పేరుతో సహా ఇందుమూలంగా నమోదు చేయడమైనది. చెప్పమ్మా."

గుల్జార్ వంగి జోసఫ్ చెవిలో చెప్పింది. జోసఫ్ కలం ఆగిపోయింది.

"అయ్యా... రాయమంటారా?"

"అక్షరం పోకుండా రాయండి. రాసి, అందరికీ వినపడేలా చదవండి."

జోసఫ్ రాశాడు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు.

"సదరు ఘనత అధ్యక్షులు శ్రీ కొల్లి అంకమ్మరావు గారిది."