శుక్రవారం నూనె

"తలుపు దగ్గరికెయ్యి జానకక్కా, రావుసాబ్ అరుగు మీదనే కూసున్నడు," అంది బిస్మిల్లా బీ, గోరువెచ్చటి నువ్వుల నూనె అరచేతుల్లో రుద్దుకుంటూ.

"కూసోనియ్యి. మా ఆయనకు పేపరు చేతిలుంటే ఇల్లు కూలినా తెల్వది," అంటూనే జానకీబాయి తలుపు మూసింది.

పెద్దపల్లిలోని ఆ ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం నడిమి గది ఆడవాళ్లది. ఇల్లు జానకీబాయిదే అయినా ఆ పూట పెత్తనం మాత్రం పక్కింటి బిస్మిల్లా బీది. ఆ వాడకట్టులో బాలింతలందరికీ నూనె పట్టింది ఆమే. ఆ రోజు ఎదురింటి మమతారాణి వచ్చింది. పాలు గడ్డకట్టి ఒక పక్క రొమ్ము రాయిలా అయింది. బిడ్డ నోరు పెడితే చాలు, ఆ పిల్ల కళ్లలో నీళ్లు.

బిస్మిల్లా బీ వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టింది. తర్వాత నూనెచేత్తో మెల్లగా నిమిరింది.

"రొట్టెపిండి పిసికినట్టు పిసకద్దు బేటీ. గిట్ల, పక్కలకెల్లి ముందటికి. ఆఁ, ఇగ బిడ్డను వట్టు."

బిడ్డ గుటకలేసిన చప్పుడు గదంతా వినిపించింది. మమతారాణి ఏడుపు మొహంతోనే నవ్వేసింది.

"జరం గిన వస్తే నా తానికి రావద్దు, సీదా దవాఖానకు ఉరుకు," అని హెచ్చరించి, బిస్మిల్లా బీ జానకీబాయి వైపు తిరిగింది. "నువ్వు సుత ఇను అక్కా. తానానికి ముందు నూనె రాసుకుంటం గద, అప్పుడే వేళ్లు ఆనిచ్చి సంకల దాక చూసుకోవాలె. శనగగింజంత తాకినా డాక్టరమ్మకు చూపియ్యాలె. నూనెకు గడ్డ కరగది."

"నొప్పి లేకుంటేనో?"

"తోబా! నొప్పి లేదని ఊకుంటే మోసం."

జానకీబాయి వాళ్లక్క గడ్డను అలాగే కొంగు కింద దాచుకుని, దాచుకుని, చివరికి చేయి దాటాక చెప్పింది.

బయట అరుగు మీద చాలాసేపటి దాకా పేపరు తిప్పిన చప్పుడు కాలేదు.

సాయంత్రం చాయ్ తాగుతూ శ్యాంసుందర్‌రావు గొంతు సవరించుకున్నారు. "జానకీ, గా గడ్డ కదిలితే మంచిదా, కదలకుంటే మంచిదా?"

"తలుపుకు చెవి పెట్టిన్రా? మీసాలున్న మనిషికి ఆడోళ్ల ముచ్చట్లెందుకు?"

"ఊకెనే అడిగిన. మీ అక్క యాదికొచ్చింది."

ఆ మాటతో జానకీబాయి కోపం చల్లారిపోయింది.

ఆయనకు ఆదివారం నూనె అలవాటు. పెరట్లో పీట మీద చొక్కా లేకుండా కూర్చుని, "జర గట్టిగ రుద్దు, అన్నం తినలేదా?" అని వాడకట్టంతా వినేలా అరిచేవారు. ఆ ఆదివారం మాత్రం నూనెగిన్నె తీసుకుని తానే స్నానాల గదిలోకి పోయారు.

"నా మీద అలిగిన్రా?" అంది జానకీబాయి.

"నీ చేతులు నొస్తున్నయన్నవు గద."

ఎప్పుడన్నదో ఆమెకే గుర్తులేదు. అయినా మురిసిపోయి బిస్మిల్లా బీకి చెప్పుకుంది. "ముసలితనంల పేమ, పావురం పొంగుకొస్తున్నది అక్కా!" అని ఆమె ఒకటే నవ్వు.

తర్వాత కొత్త పాట మొదలైంది. "కరీంనగర్ పోదాం. డాక్టరమ్మకు చూపిచ్చుకొని వద్దాం."

"నాకేమైంది? రోజూ చూసుకుంటనే ఉన్న. మంచిగున్న."

"మంచిగున్నోళ్లకు భయమెందుకు?"

"భయం నాకా, మీకా? వడ్లు మార్కెట్ల పెట్టుకొని గీ తిరుగుడేంది?"

ఆయన మెల్లగా, "నా కోసమన్న రా జానకీ," అన్నారు.

ముప్పై ఎకరాల మనిషి అలా అడగడం ఆమె ఎన్నడూ వినలేదు. పెట్టెలోని కొత్త చీర తీసింది.

కరీంనగర్‌లో ఆ దవాఖాన బెంచీల మీద అందరూ ఆడవాళ్లే. మధ్యలో మీసాలతో ఆయనొక్కరే, నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. డాక్టరమ్మ జానకీబాయిని చూసింది, ఎక్స్‌రే ఫొటో తీయించింది, ఏమీ లేదని పంపించింది.

"ఇగో, నేను చెప్పలే?"

ఆయన నవ్వారు గానీ లేవలేదు. "నువ్వు పొయ్యి చాయ్ తాగు. డాక్టరమ్మతోటి ఒక్క మాట మాట్లాడి వస్త."

ఒక్క మాటకు రెండు చాయ్‌లు పట్టాయి.

"గంతసేపు ఏం మాట్లాడిన్రు?"

"అన్నీ అడిగిన," అన్నారు. బస్సులో దారి పొడుగునా కిటికీ బయటికే చూశారు.

కొన్నాళ్లకు మోటరు సామానని చెప్పి ఒక్కరే కరీంనగర్ పోయారు. వచ్చేటప్పుడు సామాను లేదు, చేతిలో జిలేబీ పొట్లం ఉంది. గేటు కాడి నుంచే కేక: "జానకీ! ఏం లేదట! ఫికర్ చేసేదే లేదట!"

"నాకు ఆనాడే చెప్పె గదా!"

"మల్లొకసారి విన్న, తప్పా?" అన్నారు. ఆ కళ్లు తడిగా ఉన్నాయి.

జానకీబాయి జిలేబీ నోట్లో పెట్టుకుని మొహం తిప్పుకుంది, తన కళ్లు కనిపించకుండా.

శుక్రవారం నాడు ఈ సంగతి విని మమతారాణి, "మా ఆయనకు గూడ జర గీ పావురం నేర్పియ్యమను పెద్దమ్మా," అంది. బిస్మిల్లా బీ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆదివారం పొద్దున పెరట్లో పీట చప్పుడైంది. చొక్కా విప్పి, భుజాల మీదుగా తువ్వాల కప్పుకుని కూర్చున్నారు ఆయన.

"జానకీ, నూనె తే! జర గట్టిగ రుద్దాలె!"

"నా చేతులు నొస్తున్నయన్నరు గద?" అని దెప్పుతూనే ఆమె గిన్నె తెచ్చింది. వీపు రుద్దింది, భుజాలు రుద్దింది. ముందుకు వచ్చి తువ్వాల లాగింది. నూనెచెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆయన ఎడమ రొమ్ము మీద, గడ్డను కోసి చూసిన చోట, డాక్టరమ్మ అంటించిన పట్టీ ఉంది.